ఎర్రదాని ఇరవై గోళ్ళు

మొన్న ఆదివారం నువ్వు ఫోన్లో ఆ ఐదు కుక్కపిల్లల్నీ చూపించావు చూడు అమ్ములూ, అప్పట్నించీ నా మనసు ఒక చోట నిలవడం లేదు. పూణేలో మీ ఇంటి బాల్కనీలో, అట్టపెట్టెలో, పాత తువ్వాలు మీద అవి ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. మీ తమ్ముడు ఒకదాన్ని ఎత్తి ఫోనుకి ఆనించి, "అమ్మమ్మకి దండం పెట్టవే" అన్నాడు. ఇంకో నెల సాకి మంచివాళ్ళకి ఇచ్చేస్తామని, తీసుకునేవాళ్ళ చేత ముప్ఫై ప్రశ్నల ఫారం ఒకటి నింపిస్తామని నువ్వు చెప్పావు. "ఏది ఎవరికి ఇవ్వాలో ఎట్లా తెలుస్తుంది అమ్మమ్మా?" అని కూడా అడిగావు. నేను ఆలోచించకుండా, "ముందు గోళ్ళు లెక్కపెట్టు" అన్నాను. మీరిద్దరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఫోను పెట్టేశాక ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో గుర్తొచ్చింది. దాని వెనక నాకే సరిగ్గా అర్థం కాని సంగతి ఒకటుంది. ఫోన్లో చెబితే మధ్యలో మీకేదో పని పడుతుంది, అందుకని రాస్తున్నాను. తీరిగ్గా చదువుకోండి.

మీ తాతయ్యని చేసుకుని ఆ ఊరు వచ్చేదాకా నాకు మిరపకాయ అంటే పచ్చడి జాడీలో ఉండేదే. మా నాన్న కొత్తపట్నం బళ్ళో పంతులు. కిటికీ తీస్తే ఉప్పుగాలి, ఎండు చేపల వాసన, గుమ్మం దాటి లోపలికొచ్చే ఇసక. అక్కణ్ణించి బస్సు మీద బస్సు మారి వినుకొండ దారిలో ఉన్న మీ తాతయ్య ఊళ్ళో దిగితే, చెప్పుల్ని ఊడబీకే నల్లరేగడి, ఊరు ఊరంతా తుమ్ములు. కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు, ఇళ్ళల్లో గుట్టపోసిన పత్తి. అప్పట్లో ఆ చుట్టుపక్కల పత్తి వేయని రైతు లేడు. మంచి రేటు వచ్చేదాకా దాన్ని ఇంట్లోనే పోసుకునేవాళ్ళు. మా మధ్యగది నిండా పత్తే, నడుముదాకా. మేమంతా వసారాలో పడుకునేవాళ్ళం, పత్తి లోపల గదిలో దర్జాగా ఉండేది. ఎండ వాసన, దుమ్ము వాసన, వాటి అడుగున పురుగుమందు వాసన. అది మందు వాసనని నాకు తెలియదు, మీ తాతయ్య వాళ్ళ ఇంటి వాసనే అట్లా ఉంటుంది కాబోలు అనుకున్నాను. మా అమ్మకి ఉత్తరంలో కూడా అట్లాగే రాశాను.

వచ్చిన నెలకే కాయ కోతలయ్యాయి. ఆరిన కాయకి తొడిమలు తీసే పని మొదలైంది. ఆడవాళ్ళందరూ కల్లంలో గుండ్రంగా కూర్చుని, ముక్కులకి కొంగులు చుట్టుకుని, కబుర్లు చెప్పుకుంటూ పుటుక్కు పుటుక్కుమని తీసేస్తుంటారు. మా అత్తయ్య సీతమ్మ గారు చేతుల వైపు చూడను కూడా చూసేది కాదు. నేనూ పోయి కూర్చున్నాను. మధ్యాహ్నానికి వేళ్ళ చివర్లు చురచుర, సాయంత్రానికి రెండు చేతులూ పొయ్యిలో పెట్టినట్టే. మర్నాటికి బొబ్బలు. అత్తయ్య దూరం నించే చూసి, "మజ్జిగలో ముంచుకో, తగ్గుద్ది" అని కల్లానికి వెళ్ళిపోయింది. ఆ రోజు నించి నన్ను మళ్ళీ కల్లానికి పిలవలేదు. తిట్టలేదు, దెప్పలేదు, పిలవలేదు అంతే. ఇంట్లో అందరూ పొద్దున్నే చద్దన్నం తిని బయటికి పోతే నేను ఒక్కదాన్నీ ఆ పత్తి గదికి కాపలా. నా మీద జాలిపడిందో, నేను పనికిరానని తేల్చేసిందో నాకు తెలిసేది కాదు. అడిగే ధైర్యం లేదు. అత్తయ్య తక్కువ మాట్లాడేది. ఆవిడ ముఖం చూసి ఏమీ పోల్చుకోలేకపోయేదాన్ని.

మా కల్లానికి చుక్కి అని ఒక నల్ల కుక్క ఉండేది, నుదుటి మీద తెల్లమచ్చ. ఒకరోజు అది కనపడలేదు. చూస్తే మధ్యగదిలో, పత్తి గుట్ట మీద గుంట చేసుకుని ఐదు పిల్లల్ని పెట్టుకుని ఉంది. మా మామయ్యగారు గుమ్మంలోంచే కేకలు పెట్టారు.

"ఏందే ఇది! ఊళ్ళో ఇంకెక్కడా చోటు లేనట్టు పత్తి మీద ఈనింది! తీసి అవతల పెట్టండి ముందు!"

"బాలింతని కదిలిస్తారా ఎవరన్నా? పదకొండు రోజులు పోనియ్యండి" అంది అత్తయ్య.

"మచ్చలు పడతయ్యే. కొనేవాడు చూస్తే మొహం తిప్పుకుంటాడు."

"ఆ మూల పత్తి నేను దీపానికి వత్తులు చేసుకుంటాలెండి."

"అంత పత్తికి వత్తులా! నీ మనవళ్ళు ముసలాళ్ళయ్యేదాకా వెలుగుతుంది దీపం!"

అత్తయ్య చుక్కికి పాతబియ్యం వార్చి, ఇంత నెయ్యి వేసి, నిజంగా బాలింతకి పెట్టినట్టే పెట్టింది. తర్వాత నన్ను పిలిచింది. "అమ్మాయ్ శారదా, నీ చేతులియ్యి." ఇచ్చాను. రెండు చేతులూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "కారం లేదు. ఇంక ఈటిని నువ్వే చూడాల. మాయన్నీ కారం చేతులు. కళ్ళు తెరిచేటప్పుడు తగిలిందంటే పిల్లలు గుడ్డివైపోతయ్యి" అంది. అప్పుడు తన చేతికి కొంగు చుట్టుకుని ఐదింట్లో ఒకదాన్ని ఎత్తింది. అదొక్కటే ఎర్రది, ఇటికరాయి రంగు. దాన్ని వెల్లకిలా తిప్పి కాళ్ళు చూసింది. పెదవులు కదిలాయి. "ఈ ఎర్రదాన్ని మాత్రం జాగ్రత్తగా చూడు. దీనికేం లోటు రాకూడదు" అని నా ఒళ్ళో పెట్టింది. ఎందుకో చెప్పలేదు. ఆ ఇంట్లో నాకు నమ్మి అప్పజెప్పిన మొదటి పని అది.

ఆ పని నాకెంత ఇష్టమైందో ఏం చెప్పను. పొద్దున్నే పాత పంచె మార్చడం, ఆ పంచె ఉతికి ఆరెయ్యడం, వెనకబడిన పిల్లని చుక్కి పొట్టకి అందించడం. పాల వాసన, పత్తి వాసన కలిసి అదో కొత్త వాసన. కళ్ళు తెరవని పిల్లలు గిన్నెలో పోసిన నీళ్ళలాగా వొలికిపోతుంటాయి చేతుల్లోంచి. వాటికి నేను పాటలు పాడేదాన్ని, ఎవరూ లేరు కదా అని. మా కొత్తపట్నం సంగతులు, అలలు, పడవలు, అన్నీ వాటికే చెప్పాను. ఎర్రదాన్ని రోజుకి పదిసార్లు ఎత్తి చూసేదాన్ని, ఏ లోటూ రాలేదు కదా అని.

అంత చూడబట్టే కనపడింది. పదో రోజున ఎర్రది ఎడమ వెనక కాలు కదిలించలేక కుయ్యి కుయ్యిమంటోంది. చూస్తే పాదానికి కాస్త పైన, ఏ వేలికీ సంబంధం లేకుండా తోలు పట్టుకుని వేలాడుతున్న ఒక చిన్న గోరు. దానికి పత్తి పోగు చుట్టుకుని, బిగుసుకుపోయి, నల్లగా వాచింది. పోగు తీయబోతే దొరకలేదు, లోపలికి కోసుకుపోయింది. ఇంట్లో ఎవరూ లేరు. నా జాకెట్టు గుడ్డలు కత్తిరించుకునే కత్తెర వేడినీళ్ళలో ముంచి, కళ్ళు సగం మూసుకుని, ఆ గోరు కత్తిరించేశాను. ఒక్కసారి కెవ్వుమంది. ఆవగింజంత రక్తం. పసుపు అద్దాను. కాసేపటికి హాయిగా పాలు తాగింది. నేను అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. కుడికాలికి కూడా అట్లాంటి గోరే వేలాడుతోంది. మిగతా నాలుగింటికీ లేవు. ఇదేదో పుట్టుకలో వచ్చిన తేడా, రేపు దీనికీ పోగు చుట్టుకుంటే ఏం చెయ్యాలి, ఏ లోటూ రాకూడదన్నారు కదా అని అదీ కత్తిరించి పసుపు పెట్టాను. చాలా గర్వంగా అనిపించింది. సాయంత్రం అత్తయ్యకి చెప్దామనుకుని, అలిసిపోయి వచ్చిన మనిషికి ఇదేం గొప్ప సంగతి అనుకుని ఊరుకున్నాను.

ఆ తర్వాత వారానికి మస్తాన్ గారు వచ్చారు. ఆయన ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవారు. భుజాన పెద్ద విల్లు, దాని నారి మీద కొడుతుంటే టంగు టంగుమని వీధి చివరిదాకా వినపడేది. ఊళ్ళ మధ్య కబుర్లు కూడా ఆయనే మోసేవారు. వస్తూనే చెప్పారు.

"సీతమ్మ గారూ, మీ అన్నగారికి మీ మాట అందించానండి. ఇరవై గోళ్ళ పిల్ల పుట్టిందని చెప్పా."

అత్తయ్య చేటలో కందులు చెరగడం ఆపింది. "ఏమన్నాడు?"

"ఎవర్నీ పంపను, నేనే వచ్చి తెచ్చుకుంటా అన్నాడండి."

"నేనే వస్తానన్నాడా? ఆ మాటే అన్నాడా?"

"అల్లా మీద ఆన. ఆ మాటే."

అత్తయ్య చేత్తో కళ్ళు తుడుచుకుంది, తుడుచుకుని "అబ్బా, కారం" అంటూ లోపలికి పోయింది. అది కారమో ఏడుపో నాకు తెలియలేదు. ఆవిడకీ వాళ్ళన్నయ్యకీ రెండేళ్ళుగా మాటల్లేవని మాత్రం తెలుసు. ఆయన కూతురి పెళ్ళికి ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవకుండా శుభలేఖ ఎవరి చేతో పంపించారట. పిలవని పేరంటానికి నేను పోనని ఈవిడ పోలేదు. సొంత చెల్లెలు పెళ్ళికి రాలేదని ఆయన అలిగారు. అప్పట్నించీ ఒకరి గడప ఒకరు తొక్కలేదు.

అత్తయ్య అటు వెళ్ళగానే, "మస్తాన్ గారూ, ఇరవై గోళ్ళంటే ఏంటండీ?" అని అడిగాను.

"ముందు కాళ్ళకి అయిదేసి, వెనక కాళ్ళకి నాలుగేసి. ఎన్నయినయ్యి? పద్దెనిమిది. ఏ వందకో ఒకదానికి వెనక పైన ఇంకో రెండు వేలాడతయ్యి. ఇరవై. అట్టాంటి కుక్కున్న కల్లంలోకి దొంగ కాలు పెట్టడంటారు. మనకి కనపడనియ్యి కూడా దానికి కనపడతయ్యంటారు."

ఎర్రదాన్ని తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన వెనక కాళ్ళు పట్టుకుని బొటనవేలితో తడిమి చూశారు. నా వైపు చూశారు. "పసుపు బాగానే పెట్టావమ్మా" అన్నారు, మెల్లగా.

"మీ ఇంటి దగ్గర కుక్కకి ఎన్ని గోళ్ళండీ?"

"నేనెప్పుడూ లెక్కపెట్టలా తల్లీ. అది మొరుగుద్ది, నేను లేస్తా. అంతవరకే" అని మళ్ళీ విల్లు అందుకున్నారు. టంగు టంగుమంటుంటే పిల్లలన్నీ చెవులు రిక్కించాయి. ఎర్రది మాత్రం నిద్రపోయింది.

మర్నాడు బావి దగ్గర మీ తాతయ్యకి చెప్పాను. ఆయన నీళ్ళ చేద పట్టుకునే నవ్వడం మొదలుపెట్టారు. "గోళ్ళు కోసేశావా! ఒసేయ్, నువ్వు కోసింది కుక్క గోళ్ళు కాదే, మా అమ్మ పుట్టిల్లు!" నాకు ఏడుపొచ్చింది. "అత్తయ్యకి చెప్పేస్తానండీ" అన్నాను. "చెప్తే మా మామ రాడు. రాకపోతే మా అమ్మ ఇంకో రెండేళ్ళు కారం కారం అంటా కళ్ళు తుడుచుకుంటది. ఊరుకో, చూద్దాం" అన్నారు. చూద్దాం అంటే ఏం చూస్తారో నాకు అర్థం కాలేదు. పద్దెనిమిదిని ఎంతసేపు చూస్తే ఇరవై అవుతుంది?

పదకొండు రోజుల పురుడు ఎప్పుడో అయిపోయి, పిల్లలు వసారాలోకి వచ్చి పడ్డాయి. మజ్జిగలో మెత్తగా పిసికిన అన్నం పెంకు మూకుడులో పెడితే, అందులో కాళ్ళు పెట్టి మరీ తినేవి. ఒక్కొక్కటీ వెళ్ళిపోతోంది. ఒక నల్లది బియ్యం మిల్లుకి, ఇంకో నల్లది బడి పంతులు గారింటికి, మచ్చలది మేకలవాళ్ళకి. తెల్లకాళ్ళదాన్ని మస్తాన్ గారే దూది మూటలో తల బయటికి పెట్టి తీసుకుపోయారు. వెళ్ళే ప్రతిదానికీ అత్తయ్య కుంకుమబొట్టు పెట్టి, ఉత్తచేతులతో పంపకూడదని బెల్లంముక్క తీసుకెళ్ళేవాళ్ళ చేతిలో పెట్టి పంపేది. అవి వెళ్ళాక చుక్కి ఆ మూకుడు దగ్గర కాసేపు వాసన చూసి పడుకునేది. నేను మూడుసార్లు అత్తయ్యకి చెప్పబోయాను. ఒకసారి "అత్తయ్యా, ఎర్రదానికి..." అనేలోపు, "దాన్ని చూస్తుంటే మా నాన్న కుక్క గుర్తొస్తంది. మా అన్నా నేనూ దాని మీదెక్కి తిరిగేవాళ్ళం" అంది. అంత పొడుగు మాట ఆవిడ నాతో అనడం అదే మొదలు. నేను మూకుడు కడుక్కొస్తానని బావి దగ్గరికి పోయాను.

అత్తయ్య వాళ్ళన్నయ్య రానే వచ్చారు. బండి దిగి అరుగు ముందు నిలబడ్డారు. పెద్ద మీసాలు, భుజాన తువ్వాలు. రెండు అడుగుల దూరంలో చెల్లెలుంటే, స్తంభం వైపు చూస్తూ, "ఇంట్లో ఎవరన్నా ఉన్నారా?" అన్నారు.

"కూర్చోమను అమ్మాయ్" అంది అత్తయ్య నాతో.

"కూర్చోటానికి రాలా. పిల్లని చూపించమను."

"ఎండన పడి వచ్చాడు, ముందు మంచినీళ్ళు తాగమను."

నేను ఇద్దరి మధ్యా చెంబుతో నిలబడ్డాను. ఆయన తాగారు. అత్తయ్య ఆ వేళ కల్లానికి పోలేదు, పొద్దున్నుంచీ కుంకుడుకాయ రసంతో చేతులు తోముతూనే ఉంది. ఎర్రదాన్ని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుంది. అది ఆవిడ బొటనవేలు చీకడం మొదలుపెట్టింది. ఆవిడ పైకే లెక్కపెట్టింది. ముందు కాళ్ళు పది. ఎడమ వెనక కాలు, పదకొండు, పన్నెండు, పదమూడు, పద్నాలుగు. అక్కడ ఆవిడ వేలు పైకి జరిగింది. వెంట్రుకలు ఇంకా సరిగ్గా రాని చోట ఆగింది. నేను స్తంభాన్ని పట్టుకున్నాను.

"పదిహేను" అంది అత్తయ్య.

గొంతులో ఏ తేడా లేదు. కుడికాలు పట్టుకుంది. పదహారు, పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది. మళ్ళీ వేలు పైకి పోయింది, మళ్ళీ ఆగింది. "ఇరవై."

"ఇటియ్యి" అన్నారాయన. రెండేళ్ళలో చెల్లెలితో సూటిగా అన్న మొదటి మాట అదే. కళ్ళజోడు పెట్టుకుని, పిల్లని వెలుతురుకి తిప్పుకుని, లోపల్లోపలే లెక్కపెట్టారు. ఆయన వేలు కూడా అక్కడే ఆగింది. తల ఎత్తి చెల్లెలి వైపు చూశారు. ఆవిడ వాకిట్లో ఎద్దుల వైపు చూస్తోంది.

"ఇరవయ్యే" అన్నారాయన.

"నేను కబురు చెయ్యలా?"

"చేశావులే." కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. "ఏం కూర వండావు?"

"గోంగూర."

"ఎల్లిపాయ తాలింపు దండిగా పెట్టావా?"

"తిని చెప్పు."

అంతే. అప్పటిదాకా గుమ్మం వెనక దాక్కున్న మీ తాతయ్య, విస్తరాకులు కడుగుతున్నట్టు నటిస్తూ బయటికొచ్చారు.

ఇదంతా ఏమిటో నాకు ఈ రోజుకీ అర్థం కాదు. మస్తాన్ గారు ఇద్దరికీ ముందే చెప్పారా? మీ తాతయ్య వాళ్ళమ్మ చెవిలో వేశారా? చాలా ఏళ్ళ తర్వాత మీ తాతయ్యని అడిగితే, "నేనెవరికీ చెప్పలా" అని నవ్వారు. ఆ నవ్వుని ఎట్లా నమ్మేది, ఆయన అన్నిటికీ అట్లాగే నవ్వేవారు. పోనీ నిజంగానే తెలియలేదేమో. ఏళ్ళ తరబడి తొడిమలు తీసి తీసి అత్తయ్య వేళ్ళ చివర్లు కాయలు కాచిపోయాయి, వేడి గిన్నె పట్టుకున్నా తెలిసేది కాదు. కానీ మరి ఆ వేలు సరిగ్గా అక్కడే ఎందుకు ఆగింది? ఇంకా విచిత్రం ఏమిటంటే, ఆ కుక్క వాళ్ళ ఊళ్ళో బతికినన్నాళ్ళూ ఇరవై గోళ్ళ కుక్కే. దాని భయానికి వాళ్ళ కల్లంలోకి ఎవరూ రారని అక్కడ పిల్లలు కూడా చెప్పేవాళ్ళు. ఒకసారి మేము వెళ్ళినప్పుడు చూద్దామని కాలు పట్టుకోబోతే నా మీద గుర్రుమంది. అప్పుడు నాకే అనుమానం వచ్చింది, నేను కోసినవి ఎర్రదాని గోళ్ళేనా, కలగన్నానా అని.

మీ ఫారంలో ముప్ఫై ప్రశ్నలున్నాయి. ఇల్లు సొంతమా, గోడ ఉందా, సెలవులకి ఎవరు చూస్తారు, అన్నీ మంచి ప్రశ్నలే. వాటికి ఇంజెక్షన్లు వేయిస్తున్నావు, బరువు చూస్తున్నావు. అప్పట్లో మేము ఏమీ చూడలేదు. ఐదింట్లో మేకలవాళ్ళకి ఇచ్చింది నెల తిరక్కుండానే పోయిందని విన్నాను. ఇప్పుడైతే బతికేదేమో. మీరు చేసేదే మంచి పని. కానీ ఎవరికి ఏది ఇవ్వాలో ఎట్లా తెలుస్తుందని అడిగావు చూడు, దానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. మా ఇంట్లో ఒకే ఒక్క ప్రశ్న ఉండేది, దానికీ జవాబు తప్పే చెప్పారు. అయినా ఆ కుక్క సరైన ఇంటికే చేరింది.

ఆ రోజు సాయంత్రం బండి మలుపు తిరిగేదాకా అత్తయ్య వాకిట్లోనే నిలబడింది. తర్వాత లోపలికొచ్చి, ఖాళీ మూకుడు బోర్లించి, నా వైపు చూడకుండానే, "రేప్పొద్దున నువ్వు కూడా కల్లానికి రా" అంది. శిక్షా? లేకపోతే ఇంక నేను ఆ ఇంటి మనిషినని చెప్పడమా? తెలియక ఎటూ తోచలేదు. వెళ్ళాను. ఆవిడ పక్కనే చాప మీద కూర్చుని సాయంత్రం దాకా తొడిమలు తీశాను. చేతులు మళ్ళీ భగ్గుమన్నాయి. ఇంటికొచ్చాక నేను బావి దగ్గరికి పోతుంటే పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, చల్లటి మజ్జిగ నా చేతుల మీద పోసింది. కొంగుతో ఒక్కొక్క వేలే పట్టుకుని తుడిచింది, చివర గోరు దాకా, బొటనవేలితో తడుముతూ. ఆవిడ పెదవులు కదులుతున్నాయి. పది దాకా వచ్చి ఆగింది.

"అన్నీ ఉన్నయ్యిలే" అంది.